రెండు బెల్లులు కుడికి, మూడు ఎడమకు

ఖలీల్ "రేపు" అంటే ఎల్లుండి అని నాకు మూడో రోజుకు అర్థమైంది. "ఎల్లుండి" అంటే ఏమిటో మాత్రం మూడు వారాలైనా అర్థం కాలేదు. గోదావరిఖనిలో మార్కెట్ వెనక సందులో ఉన్న అతని మెకానిక్ షెడ్డుకు రోజూ పొద్దున పదింటికల్లా పోయి, ఒక అరిగిన టైరు మీద తువ్వాల పరుచుకుని కూర్చుంటున్నాను. నాకు అరవై దాటాయి. నడుము నొప్పి ఈ మధ్య వచ్చింది గానీ ఓపిక లేకపోవడం పుట్టుకతోనే వచ్చింది. ఎదురుగా మా నాయిన కారు, ముందు టైర్లు గాలిలో ఉండేలా జాకీల మీద నిలబెట్టి ఉంటుంది. దాని కింద నుంచి ఖలీల్ కాళ్ళు కనబడతాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడటం నాకు అలవాటైపోయింది. మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు రేకుల షెడ్డు గడగడమంటుంది, కారు మీద ఇంత బొగ్గు దుమ్ము రాలుతుంది, నేను లేచి నా కొంగుతో దులుపుతాను. సోమవారం పెద్దపల్లిలో దీనికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఒకసారి తేదీ తీసుకుని పోలేకపోయాను. ఈసారి కూడా పోకపోతే రిజిస్ట్రేషను ముందుకు సాగదు, ఇక తుక్కే. నస్పూర్‌లో ఉండే మా తమ్ముడు రోజూ ఫోన్ చేసి అదే మాట అంటాడు, తుక్కుకు ఇచ్చెయ్యి అక్కా, దాని గోస ఎందుకు పడుతున్నవ్ అని.

గోసంతా స్టీరింగు ర్యాకుతోనే. మనం స్టీరింగు తిప్పితే ముందు టైర్లను అటూ ఇటూ నెట్టే పళ్ళ కడ్డీ అది. కారుకున్నది అరిగిపోయి, అర చుట్టు తిప్పినా టైర్లు ఉలకవు పలకవు. దాని సైజుది ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. ఖలీల్ వేరే చిన్న కారుది ఒకటి పట్టుకొచ్చి, ఇది కూసుంటది అక్కా, ఫికర్ చెయ్యకు అన్నాడు. అది కూర్చోలేదు. బిగించే చెవులు బొత్తాం ఒకచోట, కాజా ఒకచోట అన్నట్టు వచ్చాయి. చెవులు కోసి వెల్డింగు చేస్తే అటూ ఇటూ ఉండే రాడ్లు పొట్టివయ్యాయి. పొడుగు రాడ్లు చేయించడానికి లేతు మిషను ఆయన దగ్గరకు పంపితే ఒకటి బెత్తెడు పొడుగు చేశాడు, రెండోది బొటనవేలంత తక్కువ చేశాడు. అవి సరిచేసుకు వచ్చేసరికి పైనుంచి వచ్చే స్టీరింగు కడ్డీ పళ్ళూ దీని పళ్ళూ కలవలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇన్నాళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను, ఈ మూడు వారాల్లో నేను నేర్చుకున్నాను. ఖలీల్ మీద అరిచాను. లేతాయన మీద అరిచాను. ఇంటికి వచ్చి కుక్కరు మీద కూడా అరిచాను.

ఇంత సతాయింపు ఎందుకు పడుతున్నానంటే, ఈ కారు స్టీరింగు విషయంలో నేను ఒక తప్పు చేశాను. నలభై ఏళ్ళు దాటింది. ఆ తప్పు ఎవరికీ చెప్పలేదు, నాయినకు అసలే చెప్పలేదు. కారు తుక్కులోకి పోతే ఆ తప్పును సరిచేసుకునే జాగా కూడా పోతుంది. చచ్చేలోపల ఒక్కసారన్నా దాని స్టీరింగు నా కళ్ళ ముందు సరిగ్గా బిగించి, సరిగ్గా తిరిగిందని నా నోటితో నేను చెప్పాలి. అంతే నాకు కావలసింది. ఇది తమ్ముడికి ఫోన్లో ఎట్లా చెప్పను?

నాయిన భూమి లోపలి బొగ్గు బాయిలో హాలర్ నడిపేవాడు. హాలర్ అంటే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో వాలు మీదికి లాగే ఇంజిను. విచిత్రమేమిటంటే నడిపేవాడికి టబ్బులు కనబడవు. అవి ఎక్కడో కింద, చీకట్లో, మలుపు అవతల ఉంటాయి. అక్కడ ఉన్న మనిషి తీగ లాగి బెల్లు కొడతాడు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే కిందికి వదులు, మూడు కొడితే పైకి లాగు. నాయిన కొలువంతా ఆ బెల్లు వినడమే. లేచి పోయి చూడటానికి లేదు, చూసినా కనబడదు. "బెల్లు కొట్టినోన్ని నమ్మకుంటే బాయిల ఒక్క టబ్బు కదలది" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బెల్లు తప్పు కొట్టినవాడిని మాత్రం బాయిలో ఎవరూ క్షమించేవాళ్ళు కాదని కూడా ఆయనే చెప్పేవాడు.

ఆ ఇంజిను మోతకు నాయిన చెవులు సగం పోయాయి. అందుకని మా రెండు గదుల క్వార్టరు కూడా బెల్లుల మీదే నడిచేది. నైట్ షిఫ్టు చేసి వచ్చి, ఎర్ర సబ్బుతో ఎంత రుద్దుకున్నా కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలి ఉండగానే, నులక మంచం మీద పడుకునేవాడు. పిలిస్తే వినబడదు. అమ్మ గరిటెతో మంచం కోడు మీద మూడుసార్లు కొడితే లేచేవాడు. మూడు అంటే పైకి కదా. అన్నం తినేటప్పుడు గిన్నె అంచు మీద ఒక్కటి కొడితే చాలు, వద్దు అని. అమ్మ, నేను, తమ్ముడు అందరం వేళ్ళతోనో గరిటెలతోనో కొట్టుకుంటూ బతికాం. పొద్దున ఆరింటికి వాడంతా బొగ్గు కుంపట్లు అంటించేవాళ్ళు. కంపెనీ బొగ్గు పొగ, దాని మీద పేడ పిడక వాసన, ఆ పొగలోంచి అమ్మ జొన్న రొట్టె తట్టే చప్పుడు. అమ్మ రొట్టె పళ్ళెం పెట్టి గీసినట్టు గుండ్రంగా ఉండేది. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు వచ్చి నిలబడి చూసేవాళ్ళు. నాయిన ఆ తట్టే చప్పుడును మాత్రం చేతులతో పట్టుకునేవాడు, గోడకు అరచేయి ఆనించి కూర్చుని. మీ అమ్మ రొట్టె కొడుతుంటే గోడ చెప్తది బిడ్డా అనేవాడు.

బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర నాయిన ఈ కారు కొన్నాడు. హాలర్ డ్రైవరుకు కారేమిటని వాడంతా నవ్వింది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని మా మేనత్త అననే అన్నది. నాయినకు అదేం పట్టలేదు. ఇన్నేళ్ళు కనబడని బండ్లు నడిపిన, ఒక్కటన్న కనబడేది నడుపుతా అన్నాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆదివారాలు గ్రౌండులో నాకు కూడా నేర్పేవాడు, నోరు తెరవకుండానే. పక్క సీట్లో కూర్చుని ఉంగరం వేలితో ముందు రేకు మీద కొట్టేవాడు. ఒకటి అయితే బ్రేకు. రెండు అయితే కుడికి, మూడు అయితే ఎడమకు. చీర కట్టుకున్న పిల్ల కారు నడుపుతున్నదని కంచె అవతల జనం గుమిగూడేవాళ్ళు, నేను నడుము నిటారుగా పెట్టి నడిపేదాన్ని.

ఏడాది తిరగకుండానే దాని స్టీరింగు అరిగింది. అప్పుడు కూడా ఇదే కథ. అసలు సామాను దొరకలేదు. ఖలీల్ వాళ్ళ నాయిన, మౌలా చిచ్చా, అప్పట్లో ఈ షెడ్డు నడిపేవాడు. నాయినకు ప్రాణ స్నేహితుడు. దెబ్బతిన్న వేరే కారులోంచి ర్యాకు ఒకటి విప్పుకొచ్చాడు. దాన్ని మా క్వార్టరు ముందే, వేపచెట్టు కింద, ఇద్దరూ కూర్చుని నాలుగు రోజులు కుస్తీ పట్టారు. వెల్లకిలా పెడితే ఇంజిను కింది భాగం అడ్డం వస్తున్నది. చివరికి బోర్లా తిప్పి పెడితే చక్కగా పట్టింది. పట్టింది కదా అని సంతోషపడ్డారు గానీ, బోర్లా పెడితే లోపలి పళ్ళు కూడా తిరగబడతాయని, కుడికి తిప్పితే బండి ఎడమకు పోతుందని ఇద్దరికీ తట్టలేదు. ఆ రోజు శుక్రవారం. చిచ్చా జుమ్మా నమాజుకు లేచాడు. ఎటు తిరుగుతున్నదో ఒకపారి చూసుకుని నట్లు బిగించు భాయ్ అని నాయినకు చెప్పి పోయాడు.

చూసుకోవడం అంటే ఎవరైనా ఏం చేస్తారు? స్టీరింగు తిప్పి, తలుపు తీసి, వంగి టైరు చూస్తారు. నాయిన అట్లా చేయలేదు. ఆయన హాలర్ డ్రైవరు. సీట్లో కూర్చుని, నా చేతికి పానా ఇచ్చి, ముందుకు పోయి నిలబడి బంపరు మీద బెల్లు కొట్టమన్నాడు. టైర్లు కుడికి తిరిగితే రెండు, ఎడమకు తిరిగితే మూడు. నేను పోయి కారుకు ఎదురుగా, దాని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. నాయిన స్టీరింగు కుడికి తిప్పాడు. టైర్లు కారుకు ఎడమ పక్కకు తిరిగాయి. కానీ ఎదురుగా ఉన్న నాకు అది నా కుడి పక్క. రెండు కొట్టాను. ఆయన ఎడమకు తిప్పాడు. మూడు కొట్టాను. బోర్లా పెట్టిన ర్యాకు ఒక తప్పు, ఎదురుగా నిలబడ్డ నేను ఒక తప్పు. రెండు తప్పులూ కలిసి నాయిన చెవికి సరైన బెల్లుగా పోయాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. దిగి నట్లు బిగించాడు. చిచ్చా తిరిగి వచ్చి అడిగితే, బెల్లు కరెక్టున్నది అన్నాడు. ఆ తరువాత చిచ్చా ఇంక ఏం చూస్తాడు?

మరునాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నాయిన కారు తీశాడు. మా క్వార్టర్ల వరస చివర వీధి కుడికి తిరిగేది. ఆయన కుడికి తిప్పాడు, కారు ఎడమకు పోయింది. సరిపోలేదనుకుని ఇంకా కుడికి తిప్పాడు, అది ఇంకా ఎడమకు పోయింది. నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. పోయి పోయి వాడ నల్లా సిమెంటు గద్దెకు గుద్దుకుంది. దేవుడి దయ, నల్లా దగ్గర అప్పుడు ఎవరూ లేరు. అమ్మ కుడి చేయి ముందుకు చాచి ఆపుకోబోయింది. మణికట్టు విరిగింది. కంపెనీ దవాఖానలో కట్టు కట్టారు గానీ ఎముక వంకరగానే అతికింది.

పరుగెత్తి పోయి గద్దె దగ్గర నిలబడ్డ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. నా రెండు చేతులూ చూసుకున్నాను, కారు వైపు తిరిగి ఒకసారి, దానికి వీపు పెట్టి ఒకసారి. నాయిన మాత్రం అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు, ర్యాకు నేనే బోర్లా పెట్టిన అని. బెల్లు సంగతి ఎత్తలేదు. వాడ జనం నెలల తరబడి ఉల్టా బండి అని ఏడిపించారు, ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు. సాయంత్రం మౌలా చిచ్చా వచ్చాడు. ఇద్దరూ వంగిన బంపరు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. చిచ్చా లోపలికి వచ్చి నన్నే అడుగుతాడని కిటికీ వెనక దాక్కున్నాను. ఆయన వచ్చి, చాయ్ పెట్టు బిడ్డా అని తల మీద చేయి వేసి కూర్చున్నాడు. అంతే. వారం తరువాత ఇంజిను కింది భాగాన్ని కాస్త కోసి, ర్యాకును వెల్లకిలా పెట్టి సరిచేశారు. ఆ పని చేసేటప్పుడు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు.

కట్టు విప్పిన తరువాత అమ్మ రొట్టె తట్టడానికి కూర్చుంది. చేయి తిరగలేదు. రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా, అంచు చిరిగి వచ్చింది. ఇంకొకటి తట్టింది, అదీ అంతే. లేచి చేయి కడుక్కుని, ఇంకమీదట నువ్వే చెయ్యి అని నాకు చెప్పింది. ఆ రోజు నుంచి పెళ్ళయ్యేదాకా ఇంట్లో రొట్టెలు నేనే చేశాను. నాయిన గోడకు అరచేయి ఆనించి కూర్చోవడం మానేశాడు. నా చప్పుడు వేరుగా ఉండేదేమో, నేను అడగలేదు. చెబుదామని ఎన్నోసార్లు ఆయన మంచం దగ్గరికి పోయాను, కోడు మీద కొట్టబోయి, చేయి వెనక్కు తీసుకున్నాను. తప్పు బెల్లు కొట్టినవాడిని బాయిలో ఎవరూ క్షమించరు. ఆ మాట ఆయనదే కదా.

తరువాత బడిలో టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు డ్రిల్లు చెప్పాను. కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అనేటప్పుడు మిగతా టీచర్లు పిల్లలకు ఎదురుగా నిలబడేవాళ్ళు. నేను ఎప్పుడూ పిల్లల వైపు వీపు పెట్టి, వాళ్ళు ఎటు చూస్తుంటే నేనూ అటే చూస్తూ నిలబడేదాన్ని. పిల్లలు వెనక అల్లరి చేస్తారమ్మా అని హెడ్మాస్టరు ఎన్నోసార్లు చెప్పాడు. చేస్తే చేయనీ అన్నాను. కారణం ఆయనకూ చెప్పలేదు. అమ్మ పోయింది, ఆ తరువాత నాయిన పోయాడు, నేను రిటైరయ్యాను. మేమున్న వాడను కూలగొట్టారు, ఇప్పుడు ఆ నల్లా గద్దె ఉన్నచోట ఓపెన్ కాస్టు మట్టి గుట్ట ఉంది. హాలర్లూ లేవు, బెల్లులూ లేవు, బొగ్గు బెల్టుల మీద పోతున్నది. ఇప్పుడు నా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, పొగ లేదు, గోడకు చేయి ఆనించినా ఏమీ చెప్పదు. అప్పుడు కారు పాడైతే నాలుగు రోజులు ఇద్దరు మనుషులు చెట్టు కింద కూర్చుని తప్పో ఒప్పో తేల్చేవాళ్ళు. ఇప్పుడు నేను ఖలీల్ దగ్గర, ఖలీల్ లేతాయన దగ్గర, లేతాయన కరెంటు దగ్గర ఎదురుచూస్తున్నాం. అప్పుడు బాగుండేది అని నేను అనను. అమ్మ చేయి చూసినదాన్ని, ఎట్లా అంటాను? కానీ ఇప్పుడూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

శనివారం నాడు ఎట్టకేలకు ర్యాకు కూర్చుంది. ఖలీల్ కారు కింది నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, పనిపిలగాడు చాయ్‌కి పోయిండు అక్కా, నేను స్టీరింగు తిప్పుత, టైర్లు ఎటు పోతున్నయో నువ్వు చూసి చెప్పు అన్నాడు. మూడు వారాలు దీనికోసమే కదా ఆ టైరు మీద కూర్చున్నాను. పానా తీసుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు వీపు పెట్టి నిలబడ్డ నేను, ఆ కంగారులో మళ్ళీ సరాసరి పోయి కారు ముఖానికి ఎదురుగా నిలబడ్డాను. బుద్ధి లేని కాళ్ళు. ఖలీల్ సీట్లోంచి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గట్ల గాదు. బండి ఎటు చూస్తే మనం అటే చూడాలె. ఇటొచ్చి టైరు పక్కకు నిలబడు" అన్నాడు.

ఈ సంగతి నీకెవరు చెప్పారని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"ఇది మా షెడ్డు కాయిదా, ఎవరైనా గిట్లనే చెయ్యాలె. మా అబ్బా పెట్టిండు. ఆయనకు మీ నాయిన చెప్పిండట, మీ కారు గుద్దుకున్న దినమే." ఖలీల్ కాసేపు గుర్తు చేసుకున్నాడు. "ఎదురుంగ నిలబెట్టి సిగ్నల్ అడిగితే అడిగినోనిదే తప్పు, కొట్టినోళ్ళది గాదు అన్నడట. అబ్బా ఈ మాట మాకు వందసార్లు చెప్పిండు. ఎందుకన్నడో మాత్రం చెప్పలే."

నేను బంపరు పట్టుకుని నిలబడ్డాను. నేను కొట్టింది తప్పు బెల్లని ఆ సాయంత్రమే తెలుసు నాయినకు. గొంతుక్కూర్చుని మాట్లాడింది అదే. చిచ్చా తల మీద చేయి వేసింది అందుకే. నాయిన తప్పు తన మీద వేసుకుని, దానికి ఒక కాయిదా కూడా పెట్టించి, ఆ కాయిదాను ఈ షెడ్డులో పనిచేసేవాళ్ళందరికీ చేరేలా చేసి, ఒక్క నాకు మాత్రం చెప్పకుండా పోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అరే, ఒక్క మాట నాయినా! మంచం కోడు దగ్గర నేను చేయి వెనక్కు తీసుకున్నప్పుడల్లా మెలకువగానే ఉన్నావేమో. నీ తప్పు కాదు బిడ్డా అని ఒక్క మాట అనడానికి నీకు ఏం అడ్డం వచ్చింది? నేను నీకు చెప్పలేదు, నిజమే. చిన్నదాన్ని, భయపడ్డాను. నీకేం భయం?

ఖలీల్ మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. నేను ముందు టైరు పక్కకు పోయి, కారు ఎటు చూస్తున్నదో అటే ముఖం పెట్టి, కిందికి చూస్తూ నిలబడ్డాను. అతను కుడికి తిప్పాడు. టైరు మెల్లగా, ఎక్కడా తట్టుకోకుండా, నా కుడి పక్కకే తిరిగింది. బంపరు మీద రెండు కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే పక్క దుకాణం ఆయన బయటికి వచ్చి చూశాడు.

"మెల్లగ అక్కా," అన్నాడు ఖలీల్ లోపలి నుంచి, "నాకు మంచిగనే వినబడుతది."

నీకు కాదు అన్నాను. మళ్ళీ రెండు కొట్టాను.